250 ఆంప్స్ మిగ్ మెషిన్: ఆటోనగర్ షెడ్డులో వాడి చెబుతున్న మాట

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి పోయిన దసరా ముందు కొత్త మిగ్ మెషిన్ దింపాం. రాడ్డు బదులు చుట్ట నుంచి తీగ దానంతటదే వస్తుంటే, చుట్టూ గ్యాసు కప్పి వెల్డు చేసే మెషిన్ ఇది. కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వాడతాం కాబట్టి మా లైన్లో అందరూ సీవోటూ మెషిన్ అనే పిలుస్తారు. త్రీ ఫేజు, ఇన్వర్టరు (పాత ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డులతో నడిచేది), 250 ఆంప్స్, తీగని నెట్టే ఫీడరు లోపలే ఉన్న రకం. టార్చ్ (తీగ, గ్యాసు బయటికొచ్చే పిడి), రెగ్యులేటరు, ఎర్త్ కేబులు అన్నీ కలిపి లక్షకు లోపే పడింది. ఆయుధ పూజకి పసుపు, కుంకుమ పెట్టి స్విచ్ వేసిన దగ్గర్నుంచి రోజూ నడుస్తోంది. సన్న పనికి ఈ ధరలో ఇంతకన్నా మంచి మెషిన్ నా చేతికి రాలేదు. మందం ప్లేటు పనికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దంటాను. ఈ రెండు మాటలకీ కారణం ఒక్కటే: కరిగిన ఇనుము తీగ కొస నుంచి జాబు (అతికే ముక్క) మీదకి ఎలా దిగుతుంది అన్నది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి మెషిన్లు కొనాలనుకునే వాళ్లందరికీ ఈ సంగతి పనికొస్తుంది.

నేను కంచరపాలెం ఐటీఐలో వెల్డర్ ట్రేడు చేశాను. తర్వాత స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు పనుల్లో ఏళ్ల తరబడి రాడ్డు (చేత్తో వేసే వెల్డింగ్ ఎలక్ట్రోడు) పట్టి, ఆ మీదట సొంత షెడ్డు పెట్టుకున్నాను. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, లారీ బాడీలకి క్రాస్ మెంబర్లు, పరవాడ ఫార్మా కంపెనీలకి స్టాండ్లు, చిన్న ప్లాట్‌ఫారాలు చేస్తుంటాం. అంటే పల్చటి 18 గేజి బాక్సు పైపు దగ్గర్నుంచి 10, 12 ఎంఎం బేస్ ప్లేటు దాకా ఒకే షెడ్డులో తిరుగుతాయి. మెషిన్ బలమూ బలహీనతా రెండూ తొందరగా బయటపడ్డది అందుకే.

రాడ్డుకి అలవాటు పడ్డవాళ్లు మిగ్ దగ్గర మొదట తికమకపడేది నాబుల విషయంలోనే. రాడ్డు మెషిన్లో కరెంటు మనం పెడతాం, ఆర్క్ (రాడ్డు కొసకీ జాబుకీ మధ్య వెలిగే మెరుపు) పొడవు చేత్తో పట్టుకుంటాం. మిగ్‌లో వోల్టేజీ పెడతాం, తీగ ఎంత వేగంగా రావాలో పెడతాం. కరెంటు ఆ తీగ వేగాన్ని బట్టి దానంతటదే వస్తుంది. చెయ్యి కాస్త దగ్గరైతే ఆర్క్ పొట్టిదై కరెంటు పెరుగుతుంది, తీగ తొందరగా కరిగి ఆర్క్ మళ్లీ పాత పొడవుకి వచ్చేస్తుంది. చెయ్యి దూరమైతే కరెంటు తగ్గి అటునుంచి సర్దుకుంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు కూడా కొద్ది రోజుల్లోనే తిన్నగా బీడు (వెల్డు గీత) వేయగలగడం దీని పుణ్యమే. బీడు తిన్నగా ఉంటే అతుకు పడిపోయిందనుకోవడం మాత్రం ప్రమాదం. ఆ సంగతి కింద చెబుతాను.

మా పనిలో ఎక్కువ భాగం 16, 18 గేజి పైపులే. వాటికి 0.8 ఎంఎం తీగ, సీవోటూ గ్యాసు, 70 నుంచి 90 ఆంప్స్, 17, 18 వోల్టులు పెడతాం. ఈ సెట్టింగులో తీగ కొస వెళ్లి జాబుని నేరుగా తాకుతుంది. తాకగానే షార్ట్ అయ్యి ఆర్క్ ఆరుతుంది, కరెంటు ఒక్కసారి ఎగబాకి తీగ మెడని పిండి తెంపుతుంది, చుక్క జాబులో కలిసిపోతుంది, ఆర్క్ మళ్లీ వెలుగుతుంది. సెకనుకి 20 నుంచి 200 సార్ల దాకా ఇదే తంతు. షార్ట్ సర్క్యూట్ ట్రాన్స్‌ఫర్ అంటే ఇదే. ఆర్క్ మధ్యమధ్య ఆరుతూ ఉంటుంది కాబట్టి వేడి తక్కువ. పల్చటి పైపుకి చిల్లు పడదు. నిలువుగా, నెత్తి మీద, ఎటు తిప్పినా వెల్డు పడుతుంది.

కంటికి కనపడకపోయినా చెవికి తెలుస్తుంది. కాగిన నూనెలో ఆవాలు పడ్డప్పటి చిటపట ఆగకుండా, సమంగా వినిపిస్తోందంటే సెట్టింగు కుదిరినట్టే. టప్ టప్‌మని విడివిడిగా కొడుతూ తీగ టార్చ్‌ని వెనక్కి నెడుతుంటే తీగ వేగం ఎక్కువైంది, లేదా వోల్టేజీ చాలలేదు. ఊదినట్టు మెత్తటి చప్పుడొస్తూ తీగ కొసన ఉండ కడుతుంటే వోల్టేజీ ఎక్కువైంది. మా షెడ్డులో కొత్తవాళ్లకి మీటరు చూడటం కన్నా ముందు ఈ చప్పుడే నేర్పిస్తాను.

ఈ పనిలో మెషిన్‌కి నూటికి నూరు మార్కులు వేస్తాను. ముఖ్యంగా ఇండక్టెన్స్ నాబు. షార్ట్ అయినప్పుడు కరెంటు ఎంత నిదానంగా ఎగబాకాలో అది నిర్ణయిస్తుంది. తక్కువ పెడితే చుక్క ఫట్‌మని తెగి చుట్టూ చిమ్ముతుంది, బీడు ఉబ్బెత్తుగా నిలబడుతుంది. పెంచుతున్నకొద్దీ చుక్క నెమ్మదిగా తెగి బీడు రెండు పక్కలకీ పరుచుకుంటుంది. మరీ పెంచితే ఆర్క్ అంటుకోవడానికే మొరాయిస్తుంది. చాలా మెషిన్లకి ఈ నాబు పేరుకే ఉంటుంది, ఎటు తిప్పినా తేడా రాదు. దీంట్లో ఒక్కో గీతకీ తేడా చేతికి తెలుస్తుంది. మధురవాడలో ఒక ఇంటి గేటుకి పైపులు అతుకుతున్నప్పుడు మా దగ్గర పనిచేసే సబ్బవరం కుర్రాడు బీడు మీద వేలితో రాసి చూసి, "గురువుగారూ, దీనికి గ్రైండరు అక్కర్నేదేటండీ?" అన్నాడు. స్పాటరు, అంటే చుట్టూ చిమ్మి అతుక్కునే గుండ్లు, లేకపోవడం చూసి వాడికంత ఆశ్చర్యం.

గ్రైండరు అక్కర్లేదు గానీ వైరు బ్రష్షు కావాలన్నాను. బీడు మీద దగ్గర్నుంచి చూస్తే గోధుమ రంగు గాజు పెచ్చులు అక్కడక్కడ చిన్న మచ్చలుగా ఉంటాయి. మనం వాడే ఈఆర్70ఎస్-6 తీగలో సిలికాన్, మాంగనీసు ఎక్కువ పాళ్లలో ఉంటాయి. తుప్పులోనూ గాలిలోనూ ఉన్న ఆక్సిజన్‌ని అవి పట్టుకుని, పెచ్చు రూపంలో పైకి తేలతాయి. ఉప్పు గాలికి మన ఊళ్లో కొత్త పైపు కూడా పలచగా తుప్పు పడుతుంది కాబట్టి ఈ తీగే మనకి సరైనది. పెచ్చులు తీయకుండా ప్రైమరు కొడితే పెయింటు ఆ పెచ్చుతో పాటే ఊడి వస్తుంది, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. బీచ్ రోడ్డు వైపు గేట్లకి తొలి ఏడాదే వెల్డుల దగ్గర ఎర్రగా కారడానికి ఇదొక కారణం.

జీఐ పైపు (జింకు పూత వేసినది) గురించి ఒక మాట. సముద్రం దగ్గర ఇళ్లవాళ్లు జీఐ అడుగుతారు. పైన ఉన్న జింకు ఆర్క్‌లో ఆవిరై చుక్కని చెదరగొడుతుంది, బీడులో పిన్ హోల్స్ పడతాయి. అతుకు దగ్గర జింకు గ్రైండరుతో తీసేసి వెల్డు చేయాలి. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందని మన షెడ్లలో ఒక నమ్మకం ఉంది. పాలు పొగని ఆపవు. తలుపులు తీయండి, పొగని బయటికి లాగే ఫ్యాను పెట్టండి, సరైన మాస్కు ఇవ్వండి. పిల్లలు పనిచేసుకుని బతకాలి కదా.

ఇప్పుడు మందం ప్లేటు. ఒక ప్లాట్‌ఫారానికి 10 ఎంఎం బేస్ ప్లేట్లు వచ్చాయి. 1.2 తీగ ఎక్కించి, సీవోటూ గ్యాసు మీదే 200 ఆంప్స్ పైకి తీసుకెళ్లాం. ఇక్కడ చుక్క కథ మారిపోతుంది. తీగ జాబుని తాకడం తగ్గుతుంది, కొసన తీగ కన్నా లావు ఉండ కట్టి వేలాడుతుంది, అటూ ఇటూ ఊగి తన బరువుకి తాను రాలుతుంది. దీన్ని గ్లోబ్యులర్ అంటారు. సీవోటూలో ఆర్క్ సన్నగా, ఉండ అడుగున ఒకే చోట నిలబడుతుంది, అక్కణ్నుంచి ఉండని పైకీ పక్కకీ తోస్తుంది. అందుకే అంత స్పాటరు. టార్చ్ నాజిల్ నిండిపోతుంది, జాబు నిండా గుండ్లు అతుక్కుంటాయి, నిలువు అతుకుల్లో ఇనుము కిందికి కారిపోతుంది. అలవాటున్నవాళ్లు వోల్టేజీ తగ్గించి ఆర్క్‌ని కరిగిన ఇనుము గుంటలోకి దించి, చిమ్మేది గుంట గోడలే పట్టుకునేలా నడిపిస్తారు. దానికి 400 ఆంప్స్ మెషిన్ ఉండాలి. దీనికి ఆ సత్తువ లేదు.

స్పాటరు చూసి విసిగిపోయి చాలామంది చేసేదేమిటంటే, ఆంప్స్ తగ్గించి మళ్లీ షార్ట్ సర్క్యూట్‌లోకి వచ్చేస్తారు. బీడు అందంగా పడుతుంది. పని ఇచ్చిన పార్టీ చూసి మెచ్చుకుంటాడు. లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలని అదే 10 ఎంఎం ముక్కలు రెండు టీ ఆకారంలో నిలబెట్టి, ఒక పక్కే మూలలో ఫిల్లెట్ వెల్డు వేయించాను. చల్లారాక వెల్డు లేని పక్క నుంచి సమ్మెటతో కొడితే నిలువు ముక్క వెల్డు మీదకి వాలి, అడుగున వేరు (వెల్డు లోపలి మూల) తెరుచుకుంటుంది. షార్ట్ సర్క్యూట్‌లో వేసిన ముక్క మూడో దెబ్బకే ఊడి వచ్చింది. విరిగిన చోట చూస్తే, వెల్డు వేయకముందు అడుగు ప్లేటు మీద గ్రైండరు పట్టిన గీతలు చెక్కుచెదరకుండా కనిపించాయి. కరిగిన ఇనుము ఆ గీతల మీద పడుకుంది తప్ప వాటిని కరిగించలేదు. పది మంది ఎక్కి నిలబడే ప్లాట్‌ఫారానికి ఇలాంటి అతుకు వేసి డబ్బులు తీసుకోవడం తప్పు. మందం ప్లేటు పని చేసేవాళ్లంతా ఒక్కసారైనా ఈ పరీక్ష చేసి చూడాలి. దీనికి ల్యాబు అక్కర్లేదు, ఒక సమ్మెట చాలు.

తర్వాత ఆర్గాన్ 80, సీవోటూ 20 పాళ్ల మిక్స్ సిలిండరు తెప్పించాను. మిగ్ మొదట పుట్టిందే ఆర్గాన్ లాంటి జడ వాయువులతో. అమెరికాలోని బాటెల్ సంస్థలో 1948లో తయారైంది, మన షిప్‌యార్డులో జల ఉష ఓడ నీళ్లలోకి దిగిన ఏడాదే. అప్పట్లో అల్యూమినియం లాంటి వాటికే వాడేవాళ్లు. ఇనుముకి ఆ గ్యాసు గిట్టుబాటు కాలేదు. 1953లో సోవియట్ శాస్త్రవేత్తలు సీవోటూతో చేసి చూపించాకే మనలాంటి షెడ్లకి దారి పడింది.

ఆర్గాన్ ఎక్కువున్న గ్యాసులో ఆర్క్ తీగ కొసని చుట్టూ కప్పుకుంటుంది. కరెంటు ఒక హద్దు దాటితే తీగ కొస పెన్సిల్ ముల్లులా సన్నబడి, తీగ కన్నా చిన్న చుక్కలు ఒకదాని వెనక ఒకటి వరసగా జారిపోతాయి. చిటపట ఆగిపోయి గుయ్‌మని ఒకటే నాదం. స్పాటరు దాదాపు ఉండదు. ఇది స్ప్రే. ఉత్త సీవోటూతో మామూలు మెషిన్ మీద ఇది రాదు, ఎంత కరెంటు పెట్టినా గ్లోబ్యులరే. 1.0 తీగతో 220 ఆంప్స్, 27 వోల్టుల దగ్గర మా మెషిన్ మీద స్ప్రే నిలబడింది. అదే టీ పరీక్ష మళ్లీ చేస్తే ముక్క వంగింది గానీ వేరు తెరుచుకోలేదు.

మరి ప్లేటు పనికి వద్దని ఎందుకంటున్నాను? వెనక ఉన్న రేటింగ్ ప్లేటు చదవండి. 250 ఆంప్స్, 26.5 వోల్టులు, 60 శాతం డ్యూటీ సైకిల్ అని ఉంటుంది. అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డు, నాలుగు నిమిషాలు విశ్రాంతి. ఆగకుండా నడపాలంటే 194 ఆంప్సే. ఈ 80-20 గ్యాసులో 1.2 తీగకి స్ప్రే మొదలయ్యేదే 250 దగ్గర, వోల్టులు 28 పైన కావాలి. అంటే మెషిన్ ఆఖరి ఊపిరి దగ్గర స్ప్రే తొలి మెట్టు. పైగా ఆ రేటింగు 40 డిగ్రీల గాలిలో లెక్క. మే నెలలో మన రేకుల షెడ్డు లోపల ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. ఆ ఎండల్లో వరసగా ప్లేట్లు వేయిస్తే పసుపు లైటు వెలిగి ఆగిపోయింది, చల్లబడ్డాక మళ్లీ నడిచింది. అది మెషిన్ తనని తాను కాపాడుకోవడం, దాన్ని తప్పు పట్టను. 250 అనే అంకె చూసి 12 ఎంఎం దాకా అన్నీ చేస్తుందని చెప్పి అమ్మడాన్నే తప్పు పడతాను. ఇంకో సంగతి, స్ప్రేలో గుంట పల్చగా, పెద్దగా ఉంటుంది కాబట్టి బల్ల మీద పడుకోబెట్టిన అతుకులకీ, అడ్డం ఫిల్లెట్లకీ తప్ప పనికిరాదు. నిలువు అతుకు వస్తే మేం ఇప్పటికీ 7018 రకం రాడ్డే పడతాం.

అమ్మినాయన "పల్స్ కూడా ఉంది సార్" అన్నాడు. లేదు. ఉన్నది సినర్జిక్. తీగ సైజు, గ్యాసు చెబితే తీగ వేగానికి తగ్గ వోల్టేజీ అదే పెట్టుకుంటుంది, మనం ఒక్క నాబు తిప్పితే చాలు. కొత్తవాళ్లకి మంచి సౌకర్యమే. పల్స్ వేరే సంగతి. అందులో కరెంటు సెకనుకి ఎన్నోసార్లు పైకీ కిందికీ పోతుంది. పైకి ఎగిసిన ఒక్కో దెబ్బకి ఒక్కో చుక్క తెగుతుంది, కిందికి దిగినప్పుడు ఆర్క్ ఆరకుండా నిలబడుతుంది. సగటు కరెంటు తక్కువే కాబట్టి స్ప్రే అతుకు నిలువుగా కూడా వేయవచ్చు. అల్యూమినియానికీ, స్టెయిన్‌లెస్‌కీ అది బంగారం. దాని ధర కూడా అలాగే ఉంటుంది. ఫార్మా కంపెనీల స్టెయిన్‌లెస్ పనికి మాకది కావాలి, కానీ ఈ డబ్బాలో అది లేదు. బిల్లు కట్టేముందు బ్రోచరులో ఈ రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫీడరు బాగుంది. నాలుగు రోలర్లది, తీగ జారదు. రోలరు గాడి తీగ సైజుకి సరిపోవాలి. ఇనుము తీగకి వీ గాడి, అల్యూమినియానికి యూ గాడి. బిగింపు చూడటానికి మేం తీగని చెక్క ముక్క మీదకి వదులుతాం. చెక్కని తాకి వంగి చుట్టుకుంటే చాలు, అంతకు మించి బిగిస్తే తీగ నలిగి లైనరులో (టార్చ్ దాకా తీగ వెళ్లే గొట్టం) పొడి రాలుతుంది. రాత్రి తీగ స్పూలు మీద కవరు కప్పడం మర్చిపోవద్దు. మన ఊరి చెమ్మకి రాగి పూత మీద మచ్చలొస్తాయి, ఆ తీగ లైనరులో ఇరుక్కుంటుంది, రోలర్ల దగ్గర పిచ్చుక గూడు కడుతుంది. కూడా ఇచ్చిన టార్చ్ మాత్రం నాసి. మూడు మీటర్ల కేబులు, పిడి తొందరగా వేడెక్కుతుంది. మంచిది వేరే కొనుక్కున్నాం.

గ్యాసు లెక్క కూడా వేసుకోండి. 30 కిలోల సీవోటూ సిలిండరులో దాదాపు 16 వేల లీటర్ల గ్యాసు. నిమిషానికి 15 లీటర్లు పెడితే 18 గంటల ఆర్క్. 7 క్యూబిక్ మీటర్ల మిక్స్ సిలిండరు అదే లెక్కన ఎనిమిది గంటలు కూడా రాదు, ధర మాత్రం కొన్ని రెట్లు. అందుకే మిక్స్ గ్యాసు ప్లేటు పనికే తీస్తాం. సీవోటూలో ద్రవం ఉన్నంతసేపూ గేజీ ముల్లు పెద్దగా కదలదు కాబట్టి, ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది. రెగ్యులేటరుకి హీటరు పెట్టండి, లేకపోతే ఎండాకాలంలో కూడా మంచు కట్టి గ్యాసు తడబడుతుంది. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యాక తలుపు వైపు పని చేస్తే బీడులో బ్లో హోల్స్ (గాలి చిల్లులు) ఖాయం. గ్యాసు పెంచితే సరిపోతుందనుకుంటారు. మరీ పెంచితే గ్యాసు సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. మేం రేకు అడ్డం పెడతాం. సైటు మీద, ఆరుబయట పనైతే ఈ మెషిన్ తీసుకెళ్లను.

ఇన్వర్టరు బోర్డులకి శత్రువు గ్రైండరు పొడి. అది ఇనుము, కరెంటు పారుతుంది. ఫ్యాను దాన్ని లోపలికి లాక్కుంటుంది, ఉప్పు చెమ్మ తోడైతే బోర్డు కాలుతుంది. మా మెషిన్ గ్రైండింగు బల్లకి దూరంగా, ఎత్తులో ఉంది. నెల నెలా మెయిన్ ఆఫ్ చేసి, మూత విప్పి, పొడి గాలితో మెల్లగా ఊదిస్తాం. సాయంత్రాలు వోల్టేజీ పడినప్పుడు కూడా ఆర్క్ పెద్దగా తేడా రాలేదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ ఆ వేళకి నీరసపడిపోయేది. సర్వీసు అడిగితే మనిషి రావడానికి బాగా ఆలస్యం చేశారు, అక్కడ మార్కులు తగ్గించాల్సిందే.

6 ఎంఎం లోపు పైపు, షీటు, యాంగిల్ పని చేసేవాళ్లు ధైర్యంగా తీసుకోండి. రోజూ 8 ఎంఎం పైన ప్లేటు పడేవాళ్లు ఇంకొంత డబ్బు చేర్చి 400 ఆంప్స్ మెషిన్ చూడండి. డెమోకి వెళ్లినప్పుడు వాళ్లిచ్చే కొత్త షీటు ముక్క మీద వేసి చూస్తే ఏమీ తెలియదు. మీ షెడ్డులో రోజూ వాడే ప్లేటు ముక్కలు రెండు, మీరు కొనగలిగిన గ్యాసు, ఒక సమ్మెట వెంట తీసుకెళ్లండి. వాళ్ల ముందే ఒక పక్క వెల్డు వేసి, విరగ్గొట్టి చూపించమనండి.